బడి లెక్క గడప దగ్గర మొదలవ్వాలి: జీవీఎంసీ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, జోనల్ కమిషనర్లకు, వార్డు సచివాలయాల విద్యా కార్యదర్శులకు నమస్కారం.

మా విన్నపం ఒక్కటే. ప్రతి వార్డు సచివాలయంలో ఒక పిల్లల రిజిస్టరు పెట్టించండి. ఆ సచివాలయం పరిధిలో ఉంటున్న 14 ఏళ్ళలోపు ప్రతి బిడ్డ పేరూ అందులో ఉండాలి. బడి హాజరు పట్టీ చూసి రాసుకునే లెక్క మాకొద్దు, ఇల్లిల్లూ, కూలీలుండే షెడ్డు షెడ్డూ తిరిగి రాసిన లెక్క కావాలి. దాన్ని ఏడాదికి నాలుగుసార్లు సరిచూడాలి. ఈ కోరిక మేం కొత్తగా పుట్టించింది కాదు. 2009 నాటి బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం 9వ సెక్షన్‌లో స్థానిక సంస్థ చేయాల్సిన పనుల పట్టిక ఉంది. తన పరిధిలో నివసించే 14 ఏళ్ళలోపు పిల్లల రికార్డు ఉంచడం అందులో ఒకటి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే పూచీ కూడా అదే పట్టికలో ఉంది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

పని ఎవరిదన్న ప్రశ్నను ముందే తేల్చుకుందాం. ఇలాంటి పనులు సాధారణంగా ఆగిపోయేది అక్కడే. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖ చేతికి వెళ్ళింది. భవనాలు, స్థలాలు కార్పొరేషన్ పేరు మీదే ఉన్నాయి. టీచర్ల సంగతి ఒకరిది, గోడల సంగతి మరొకరిది అయ్యాక, అసలు బడికే రాని బిడ్డ ఇద్దరికీ మధ్య మిగిలిపోయాడు. కానీ పర్యవేక్షణ చేతులు మారినంత మాత్రాన చట్టంలో 'స్థానిక సంస్థ' అన్న మాటకు అర్థం మారలేదు. నగరంలో ఆ మాటకు అర్థం నగరపాలక సంస్థే. పాఠం చెప్పించే బాధ్యత విద్యాశాఖదైతే, చెప్పించుకోవాల్సిన పిల్లలు ఎందరో, ఎక్కడున్నారో తెలుసుకునే బాధ్యత మీది.

ఇప్పుడున్న లెక్కలో అబద్ధం లేదు. అది బడి లోపల మొదలై బడి లోపలే ముగుస్తుంది, అంతే. దేశంలోని బడుల వివరాలు నమోదుచేసే యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఒక పెన్ (శాశ్వత విద్యా) నెంబరు ఉంటుంది. పేరెక్కిన బిడ్డ బడి మారినా మానేసినా ఆ నెంబరు పట్టుకుని వెతకొచ్చు. పేరే ఎక్కని బిడ్డను దేనితో వెతుకుతాం? పైగా ఆ లెక్కకు ఆధార తేదీ సెప్టెంబరు 30. మన చుట్టుపక్కల ఇటుక బట్టీలు రాజుకునేది వానలు వెనకబట్టాక. కుటుంబాలు దసరా, దీపావళి దాటాక దిగుతాయి, తొలకరికి ముందే వెళ్ళిపోతాయి. ఆ పిల్లలు మన దగ్గరుండే ఐదారు నెలలూ లెక్క తేదీకి అవతలే గడిచిపోతాయి. సొంత ఊళ్ళో సెప్టెంబరులో పేరుంటుంది గనక అక్కడ చదువుతున్నట్టే లెక్క. ఇక్కడ అసలు లేనట్టే లెక్క. రెండు రిజిస్టర్లూ సరిగ్గానే ఉంటాయి, మధ్యలో బిడ్డకు ఒక విద్యా సంవత్సరం పోతుంది.

కట్టుబడి పనుల దగ్గర సంగతి ఇంకొంచెం వేరు. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు లేచే అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లు చూడండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గంజాం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. ఒక స్లాబు నుంచి ఇంకో స్లాబుకు, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మేస్త్రి ఎటు తిప్పితే అటు వెళ్తుంటారు. అమ్మా నాన్నా ఎనిమిదింటికి పనిలోకి ఎక్కుతారు. కింద సెంట్రింగ్ కర్రలకు కట్టిన చీర ఉయ్యాల ఉంటుంది. దాని పక్కన ఎనిమిది, తొమ్మిదేళ్ళ ఆడపిల్ల కూర్చుని, ఒక చేత్తో తాడు లాగుతూ ఇంకో చేత్తో బియ్యం ఏరుతూ ఉంటుంది. ఆ పిల్ల బడికి రావాలంటే ముందు ఆ ఉయ్యాలలోని బిడ్డకు చోటు చూడాలి. ఆ సంగతి ఏ బడి రిజిస్టరులోనూ కనిపించదు. గడప దగ్గర రాసే రిజిస్టరులోనే కనిపిస్తుంది.

ఇక రిజిస్టరు ఎలా రాయాలన్నది. పని చెడిపోయేది చాలావరకు ఇక్కడే గనక కాస్త వివరంగానే రాస్తున్నాం.

మొదటి జాబితా కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, అది మీ ఆఫీసులోనే ఉంది. టౌన్ ప్లానింగ్ విభాగం దగ్గరున్న భవన నిర్మాణ అనుమతుల పట్టికను వార్డులవారీగా విడగొడితే ఎక్కడ కూలీల షెడ్లు ఉండొచ్చో తెలిసిపోతుంది. నీళ్ళ ట్యాంకరు ఎక్కడెక్కడ ఆగుతుందో ఆ డ్రైవరుకు తెలుసు. కొత్తగా వెలిసిన గుడిసెలు శానిటరీ మేస్త్రి కంట పడకుండా ఉండవు. వేరే రాష్ట్రం కార్డు మీద బియ్యం తీసుకెళ్ళేవాళ్ళెవరో రేషన్ డీలరు చెప్పగలడు. ఈ నాలుగు జాబితాలూ కలిపితే వార్డు పటం తయారవుతుంది. మన రైస్ కార్డుల జాబితాతోనే మొదలుపెడితే మాత్రం, మనం వెతుకుతున్న కుటుంబాలే అందులో ఉండవు.

పట్టణాల్లో ఒక వార్డు సచివాలయం సుమారు 4,000 మందికి ఒకటి చొప్పున పెట్టారు. అంటే వెయ్యీ, పదకొండు వందల ఇళ్ళు. బడి వయసు పిల్లలు ఐదు వందలకు అటూ ఇటూగా ఉంటారు. ఒక మనిషి పూటకు నలభై ఇళ్ళు తిరగగలరు. విద్యా కార్యదర్శి ఒకరు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ గానీ అంగన్‌వాడీ టీచరు గానీ ఇంకొకరు వేరువేరుగా తిరిగితే రెండు వారాల పని. మొదటిసారికే ఇంత. తర్వాతి మూడు విడతల్లో మారిన ఇళ్ళు మాత్రమే చూస్తారు గనక మూడు, నాలుగు రోజులు చాలు. షెడ్ల దగ్గరికి పగలు వెళ్తే తాళాలో చంటిపిల్లలో కనిపిస్తారు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్ళాలి. పొయ్యి వెలిగించే వేళకు అందరూ ఉంటారు. ఆ వేళకు పంపితే మర్నాడు ఉదయం డ్యూటీలో వెసులుబాటు ఇవ్వాలి. లేకపోతే రెండో వారానికి లెక్కలు సచివాలయం కుర్చీలో కూర్చునే పూర్తవుతాయి.

అడిగే ప్రశ్న మీద చాలా ఆధారపడి ఉంటుంది. 'మీ పిల్లలు బడికి వెళ్తున్నారా' అని ఆఫీసు మనిషి అడిగితే ఏ తల్లయినా వెళ్తున్నారనే అంటుంది. భయం కొంత, పరువు కొంత. దాని బదులు 'ఈ రోజు మధ్యాహ్నం బాబు ఎక్కడ తిన్నాడమ్మా' అని అడగాలి. బడికెళ్ళిన బిడ్డ బడిలోనే తింటాడు. ఇంట్లో తిన్నాడంటే ఆ రోజు బడికి వెళ్ళనట్టే. తర్వాత బిడ్డనే అడగాలి, మీ టీచరు పేరేమిటని. ఈ రెండు ప్రశ్నలూ పది ప్రశ్నల పెట్టు. మర్నాడు ఆ పేర్లు పట్టుకుని బడికెళ్ళి హాజరు పట్టీతో సరిచూస్తే పిల్లలు మూడు రకాలుగా తేలతారు. పేరుంది, బిడ్డ రావడం లేదు. బిడ్డ ఉన్నాడు, పేరు లేదు. పేరూ ఉంది, బిడ్డా వస్తున్నాడు, కానీ చదవడం రాదు. మూడింటికీ మందులు వేరు. ఒకే 'డ్రాపవుట్' గడిలో కలిపేస్తే ఏదీ నయం కాదు.

రిజిస్టరులో గడులు పన్నెండు దాటకూడదు. బిడ్డను ఇంట్లో పిలిచే పేరు, బడిలో పేరు ఉంటే అది, వయసు, తల్లి పేరు, ఫోన్ నెంబరు, సొంత ఊరు, మండలమూ జిల్లా కలిపి ఒకే గడిలో, ఇంట్లో మాట్లాడే భాష, చివరగా ఏ బడిలో ఏ తరగతి చదివాడు, ఇక్కడికి ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్తారు, ఇంట్లో చూసుకోవాల్సిన చంటిబిడ్డ ఉందా. మేస్త్రి నెంబరు మార్జిన్‌లో రాసుకోవాలి. కుటుంబం సైటు మారితే ఆచూకీ చెప్పేది అతనే. ఆధార్ గడి పెట్టకండి. అది పెడితే కార్డు లేని బిడ్డ పేరు రాయకుండా వదిలేస్తారు. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో చెప్పింది కూడా.

నాలుగు విడతలు ఎందుకో, ఎప్పుడో చెప్పాలి. మొదటిది జూన్ రెండో పక్షంలో. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పడవలు సముద్రంలోకి దిగేదీ, బడి గంట కొట్టేదీ ఒకే వారంలో. జాలరిపేటల్లో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి మగపిల్లలు ఎటు వెళ్తారో ఆ వారంలోనే తేలిపోతుంది గనక అక్కడ జూలై దాకా ఆగితే ఆలస్యమైనట్టే. రెండోది నవంబరు చివర, బట్టీల కుటుంబాలు దిగాక. మూడోది సంక్రాంతికి ఊళ్ళకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, జనవరి ఆఖరి వారంలో. పండక్కి వెళ్ళి తిరిగి రాని పిల్లలు, కొత్తగా వెంట వచ్చిన తోబుట్టువులు అప్పుడే బయటపడతారు. నాలుగోది ఏప్రిల్ మొదట్లో. ఏజెన్సీ నుంచి వచ్చిన ఆదివాసీలు తమ ఇటుకల పండక్కి ఊళ్ళకు బయల్దేరే ముందే, వెళ్ళిపోయే బిడ్డ చేతిలో ఇక్కడ చదివినట్టు ఒక కాగితం పెట్టి పంపడానికి ఆ విడత.

పేరు రిజిస్టరుకెక్కాక బిడ్డ బడి గేటు దగ్గర ఆగిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వీటిలో చట్టం చాలా స్పష్టంగా ఉంది, కానీ గేటు దగ్గర నిలబడ్డ తల్లికి అది తెలియదు. టీసీ లేదంటారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదు, ఆలస్యం చేసిన హెచ్ఎం మీదే చర్య తీసుకోవచ్చని 5వ సెక్షన్ చెబుతోంది. పుట్టినతేదీ పత్రం లేదంటారు. వయసు రుజువు లేదని ఎవరినీ కాదనకూడదని 14వ సెక్షన్ ఉంది. ఏఎన్ఎం రికార్డో, అంగన్‌వాడీ రికార్డో, అవేవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన మాటో చాలు. అడ్మిషన్లు అయిపోయాయంటారు. గడువు దాటాక వచ్చినా చేర్చుకోవాల్సిందేనని 15వ సెక్షన్ అంటోంది. పదేళ్ళ పిల్ల ఇంతవరకు బడి మొహం చూడలేదు గనక ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటారు. అది అన్నిటికన్నా పెద్ద తప్పు. చిన్న పిల్లల మధ్య కూర్చోబెట్టిన ఆ పిల్ల సిగ్గుతో నెల తిరక్కుండా మానేస్తుంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరాన్ని బట్టి రెండేళ్ళ దాకా. దీనికి కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో, రోజూ ఇంటి నుంచి వచ్చే పిల్లలకు తలా ఏడాదికి 6,000 రూపాయల దాకా ఖర్చు చేసే వీలుంది.

గేటు దగ్గర ఆపేవాళ్ళంతా మనసులేనివాళ్ళని మేం అనడం లేదు. హెచ్ఎంల భయం కూడా వినాలి. నవంబరులో చేర్చుకున్న బిడ్డ ఏప్రిల్‌లో వెళ్ళిపోతే పేరు యూడైస్ డ్రాప్ బాక్స్‌లో, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలో పడుతుంది, బడికి డ్రాపవుట్ మచ్చ వస్తుంది. హాజరు శాతం తగ్గుతుంది. పరీక్షల్లో తరగతి సగటు తగ్గుతుంది. పుస్తకాల ఇండెంటు పాత లెక్క మీద వెళ్ళిపోయి ఉంటుంది. ఆ బిడ్డకు పుస్తకం ఎక్కడినుంచి తేవాలి? వలస బిడ్డను చేర్చుకున్న బడికి ఇన్ని నష్టాలు పెట్టి, చేర్చుకోమని చెబితే పని జరగదు. అందుకే వార్డు రిజిస్టరులో 'తాత్కాలిక నివాసం' అని నమోదైన బిడ్డ వెళ్ళిపోతే దాన్ని బడి వైఫల్యం కింద రాయొద్దని విద్యాశాఖతో మీరు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ప్రతి మండల వనరుల కేంద్రంలో తరగతికి ఇరవై సెట్ల చొప్పున పుస్తకాలు విడిగా ఉంచాలి. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆపై ఎనిమిదో తరగతి దాకా 150 గ్రాములు లెక్క. పది మంది కొత్త పిల్లలు చేరితే రోజుకు కిలో, కిలోన్నర. ఆ కొంచెం కోసం నెలాఖరు ఇండెంటు దాకా ఆగకుండా, వార్డు కార్యదర్శి చీటీ మీద అదే వారం పెంచే ఏర్పాటు ఉండాలి.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి గమనించాలి. సమగ్ర శిక్ష కింద బడి నిర్వహణ ఖర్చులకిచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 నుంచి 100 మంది దాకా ఉన్న బడికి 25,000 రూపాయలు, 100 దాటి 250 దాకా 50,000 రూపాయలు. 98 మంది ఉన్న బడి పక్క సైటులోని నలుగురు పిల్లల్ని చేర్చుకుంటే 102 అవుతుంది, గ్రాంటు రెండింతలవుతుంది. కానీ ఆ నలుగురు డిసెంబరులో వచ్చారు, లెక్క సెప్టెంబరులో ముగిసింది. వార్డు రిజిస్టరు జనవరి విడత సంఖ్యను కూడా గ్రాంటుకు ఆధారంగా తీసుకోవాలని ప్రభుత్వానికి మీరు రాస్తే, బడికి ఆ పిల్లలు బరువు కాకుండా బలం అవుతారు. ఇది రాష్ట్రం, కేంద్రం తేల్చాల్సిన విషయమని మాకు తెలుసు. నగరం నుంచి లెక్కలతో సహా ఉత్తరం వెళ్తే మాట వేరుగా ఉంటుంది.

వచ్చిన డబ్బు గోడ మీద కనిపించాలి. ఎంత మంజూరైంది, ఎంత జమ అయింది, ఏ తేదీన, దేనికి ఖర్చయింది: నాలుగు వరుసలు, గేటు పక్కన, పెద్ద తెలుగు అక్షరాల్లో. ఉగాండాలో 1991 నుంచి 1995 దాకా ప్రభుత్వం బడులకు విడుదల చేసిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు లెక్కగట్టారు. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో అచ్చువేశారు, బడుల్లో అంటించారు. కొన్నేళ్ళలో చేరే వాటా 80 శాతం దాటింది. అదంతా పత్రికల వల్లే జరిగిందా, పంపే పద్ధతులు మారడం వల్లా అని ఆ తర్వాత పండితులు వాదించుకున్నారు. మాకు ఆ వాదం కన్నా ముఖ్యమైనది ఒకటుంది. తల్లులకు అంకె తెలిస్తే అడుగుతారు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం. సంతకాల కోసం పిలిచే సమావేశాలు కాకుండా అంకె చూసి ప్రశ్న అడిగే సమావేశాలు కావాలంటే ఆ నాలుగు వరుసలు ముందు గోడకెక్కాలి. వలస కుటుంబాల పిల్లలు పది మంది దాటిన బడిలో ఆ తల్లుల్లో ఒకరిని ప్రతి సమావేశానికి పిలవాలి. సమావేశం పగలు పదకొండింటికి పెడితే కూలి పోతుంది గనక రాదు. సాయంత్రం పెట్టండి.

భాష గురించి కొంచెం. కొరాపుట్ నుంచి వచ్చిన బిడ్డ ఇంట్లో మాట్లాడేది చాలాసార్లు పుస్తకాల ఒడియా కూడా కాదు. కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. ఆ బిడ్డను తెలుగు పాఠమో ఇంగ్లీషు పాఠమో ముందు కూర్చోబెట్టి, అర్థం కాక కిటికీలోంచి చూస్తుంటే 'మొద్దు' అని రాసేస్తాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. కువి, ఆదివాసీ ఒడియా ఆ ఎనిమిదిలో ఉన్నాయి. వాటి వాచకాలు ఏజెన్సీ కోసమని అక్కడే ఉంచుకోకుండా నగరంలో అవసరమైన బడులకు తెప్పించాలి. అదే షెడ్లలో పదో తరగతి దాకా చదివిన ఆడవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. ప్రత్యేక శిక్షణ కేంద్రంలో వాలంటీరుగా వాళ్ళనే పెట్టుకుంటే మొదటి మూడు నెలలు దాటించొచ్చు. మన పిల్లలు ఒడిశాకో గుజరాత్ తీరానికో వెళ్ళినప్పుడు అక్కడి టీచరు వాళ్ళతో తెలుగులో రెండు మాటలు మాట్లాడాలని మనం కోరుకోమా?

చంటిబిడ్డ సంగతి ఉయ్యాల దగ్గర వదిలేశాం. అంగన్‌వాడీ ఉంటే సగం సమస్య తీరుతుంది, కానీ అది కూలి వేళల దాకా తెరిచి ఉండదు. భవన నిర్మాణాల మీద 1996 నాటి చట్టంతో మొదలైన 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు వసూలవుతూనే ఉంది. పెద్ద సైట్లున్న వార్డుల్లో ఆ నిధి నుంచి శిశు సంరక్షణ గది అడగడానికి రిజిస్టరులోని ఆ ఒక్క గడే ఆధారం. 'ఈ సైటులో రెండేళ్ళలోపు పిల్లలు పదకొండు మంది, వాళ్ళ కోసం బడి మానిన అక్కలు ఏడుగురు' అని పేర్లతో రాసి పంపితే కార్మిక శాఖ కాదనడం కష్టం.

దూరం కూడా కాగితం మీద ఒకటి, కాళ్ళ కింద ఇంకొకటి. ఐదో తరగతి దాకా కిలోమీటరులోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలని నిబంధన. గాజువాకలోనూ మధురవాడలోనూ మ్యాపు మీద ఆరు వందల మీటర్లే కనిపించే బడికి మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి ఉండొచ్చు. ఏడేళ్ళ బిడ్డ ఒంటరిగా దాటలేని రోడ్డు అది. అలాంటి చోట బడి లేనట్టే లెక్కేయాలి. రవాణా భత్యం కింద బిడ్డకు ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. పది నెలలకు నెలకు 600. పది మంది పిల్లలైతే నెలకు 6,000. ఒక ఆటోను ఉదయం, సాయంత్రం దగ్గరి దూరానికి మాట్లాడుకోవడానికి సరిపోయే డబ్బు. విడివిడిగా తల్లుల ఖాతాల్లో ఎప్పుడో పడితే అది ఆటో కాదు. ఒకే చోట నుంచి వచ్చే పిల్లల్ని గుంపుగా చూపించగలిగేది కూడా వార్డు రిజిస్టరే.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. మన రాష్ట్రంలో అది 2022-23 నుంచి ఆచరణలోకి వచ్చింది, పేద కుటుంబాలకు మేలే. అయితే ఒకటో తరగతికే, ఆన్‌లైన్‌లోనే, గడువులోపే. ఆ వేళకు ఊళ్ళో లేని కుటుంబానికి అది అందదు. మీరు చేయగలిగింది, జనవరి విడతలో ఐదేళ్ళు నిండిన పిల్లల పేర్లు విడిగా తీసి, గడువు తెరిచిన రోజున సచివాలయంలోనే దరఖాస్తు పెట్టించడం.

ఈ భారం టీచర్ల మీద వేయొద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్. ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంతో మొదటి పీరియడ్ గడిచిపోతోంది. రిజిస్టరు సచివాలయానిది, చేర్చుకోవడం, చదివించడం బడిది. ఈ రెండింటి మధ్య నెలకొకసారి, వార్డులోనే, అరగంట సమావేశం చాలు. విద్యా కార్యదర్శి, ఆ పరిధిలోని హెచ్ఎంలు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం కూర్చుని పేరుపేరునా మాట్లాడుకోవాలి. బ్రెజిల్‌లో 2017లో యూనిసెఫ్ తోడ్పాటుతో పురపాలికలు మొదలుపెట్టిన 'చురుకైన వెతుకులాట' ఇలాంటిదే. టీకాకు వెళ్ళిన ఆరోగ్య కార్యకర్తకు ఇంట్లో బడి వయసు బిడ్డ కనిపిస్తే అక్కడినుంచే ఫోన్‌లో కబురు పెడుతుంది, మరొకరు వెళ్ళి కారణం కనుక్కుంటారు, బిడ్డ బడిలో నిలదొక్కుకునేదాకా ఫైలు మూయరు. మనకు అంత దూరం చూడాల్సిన పని కూడా లేదు. బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చేసింది ఇదే. బడికి వెళ్ళని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించారు, శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు.

ఫిర్యాదుల విషయం. 32వ సెక్షన్ ప్రకారం బిడ్డ హక్కుకు భంగం కలిగితే ఎవరైనా స్థానిక సంస్థకు, అంటే మీకు, రాసివ్వొచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. ఐదు నెలలే ఇక్కడుండే బిడ్డకు మూడు నెలలంటే చదువు అయిపోయినట్టే. ప్రవేశం నిరాకరించారన్న ఫిర్యాదును ఏడు రోజుల్లో తేలుస్తామని మీరే ఒక ఉత్తర్వు ఇవ్వండి. చట్టం గరిష్ఠ గడువు చెప్పింది, ముందే తేల్చవద్దని చెప్పలేదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కూలి మానుకుని తల్లి రానక్కర్లేకుండా, వార్డు కార్యదర్శి ఆమె తరఫున నమోదు చేసే వీలు ఉండాలి. నమోదు చేసిన రసీదు మీద తేదీ, తేల్చాల్సిన ఆఖరి తేదీ రెండూ ఉండాలి.

మొత్తం 98 వార్డుల్లో ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. అలా చేస్తే మొదటి విడతే తూతూమంత్రం అవుతుంది. ఈ జూన్‌లో ఆరు వార్డులు చాలు: మధురవాడ వైపు సైట్లున్నవి రెండు, జాలర్ల పేటలున్నది ఒకటి, పెందుర్తి వైపు ఒకటి, గాజువాక, మల్కాపురం పారిశ్రామిక వాడల్లో రెండు. నవంబరు విడతకు ముప్పై, వచ్చే జూన్‌కు అన్నీ. ప్రతి విడత చివర వార్డువారీగా మూడు సంఖ్యలు మీ నోటీసు బోర్డు మీద పెట్టండి. పేరున్నా రానివాళ్ళు ఎందరు, పేరే లేనివాళ్ళు ఎందరు, చదవడం రానివాళ్ళు ఎందరు. మూడోది కనుక్కోవడానికి పరీక్ష పెట్టనక్కర్లేదు. రెండో తరగతి వాచకంలోంచి నాలుగు వాక్యాలు చదివించండి, బిడ్డకు అయిదు నిమిషాలు. మొదటి విడతలో ఈ సంఖ్యలు పెద్దవిగానే వస్తాయి. పెద్ద సంఖ్య వచ్చిన వార్డు కార్యదర్శిని మందలించకండి. మందలిస్తే నవంబరు విడతలో సంఖ్య తగ్గుతుంది, పిల్లలు మాత్రం షెడ్ల దగ్గరే ఉంటారు.

పన్నెండు గడుల రిజిస్టరు నమూనా పుట, సాయంత్రం సర్వేకు వెళ్ళేవాళ్ళ కోసం అడగాల్సిన ప్రశ్నల కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ తయారుచేసి ఈ లేఖకు జతచేశాం. ఆరు వార్డుల కార్యదర్శులకు ఒక పూట శిక్షణ ఇవ్వడానికి, మొదటి వారం సాయంత్రాలు వాళ్ళ వెంట తిరగడానికి మేం సిద్ధంగా ఉన్నాం. జూన్ మొదటి వారంలోపు ఏ రోజు పిలిచినా వస్తాం.

ఇట్లు,
విశాఖ నగరంలో వలస, జాలరి కుటుంబాల పిల్లల చదువు కోసం పనిచేస్తున్న కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, కార్యకర్తలు